బస్టాండ్‌లో ఎదురొచ్చే పని

ఆ రోజుల్లో నేను చేసిన ఉద్యోగాలు రెండు. ఒకటి రెజ్యూమెలో రాసుకున్నాను. రెండోది ఎక్కడా రాసుకోలేదు గానీ నాకు పేరు తెచ్చిపెట్టింది మాత్రం అదే. న్యూజెర్సీలో ఓ చిన్న ఊరి బస్టాండ్‌లో, పొద్దున్నే చేతిలో పాల డబ్బా పట్టుకుని, ఇంటర్వ్యూలకి బయల్దేరేవాళ్ళకి ఎదురు రావడం. జీతం లేదు, సెలవుల్లేవు, ఇన్సూరెన్స్ అసలే లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వాక కాసేపు ఏమీ తోచదు. ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో, ఎలా పోయిందో, నా తర్వాత ఆ సీటు ఎవరికి దక్కిందో ఎవరికైనా చెప్పుకోవాలని చాలాకాలంగా ఉంది. ఇలాంటివి ఓపిగ్గా వినే మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేరు, అందుకని మీకు చెబుతున్నాను.

పిస్కాటవేకి అరగంట దూరంలో ఉండే ఆ ఊళ్ళో చూడదగ్గవి ఏమీ లేవు. ఉన్నదల్లా బస్టాండే. ఊరివాళ్ళు దాన్ని ట్రాన్సిట్ సెంటర్ అనేవారు, మేం మాత్రం బస్టాండ్ అనే అనేవాళ్ళం. పెద్ద పార్కింగ్ కట్టడం కింద ఎండ చొరబడని ఓ హాలు. గోడవారగా, నడిమధ్య ఇనప బెంచీలు, ఓ మూల వెండింగ్ మెషీన్, ఇంకో పక్కన మనిషికన్నా ఎత్తుగా రూట్ మ్యాప్ బోర్డు. న్యూయార్క్ వెళ్ళే పెద్ద బస్సులు ఒక పక్క, మాల్ చుట్టూ, ఆసుపత్రి చుట్టూ, పక్క ఊరి లైబ్రరీ దాకా తిరిగే లోకల్ బస్సులు ఇంకో పక్క ఆగేవి. హీటర్ తలుపు దగ్గర మాత్రమే పనిచేసేది. అంటే వేడంతా తలుపు తెరిచినప్పుడల్లా బయటికే పోయేది. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే తెర మీద ఎప్పుడు చూసినా 'వస్తోంది' అనే ఉండేది. మా బతుకులు కూడా అప్పట్లో అలాగే ఉండేవి. ఉద్యోగం వస్తోంది, వీసా వస్తోంది, అంతా వస్తోంది, ఏదీ ప్లాట్‌ఫారం మీదకి రాదు.

నేను, నా రూమ్‌మేట్ పొట్టి (నాకంటే రెండంగుళాలు ఎక్కువే, అయినా ఆ పేరే స్థిరపడింది) బస్టాండ్‌కి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల ఫ్లాట్ల నిండా మాలాంటి వాళ్ళే. చదువు పూర్తయ్యాక పని చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి మీద ఉన్నవాళ్ళం. అందులో ఉద్యోగం లేకుండా గడపగలిగే రోజులకి ఒక హద్దుంటుంది. ఆ హద్దు దాటితే పెట్టె సర్దుకోవాల్సిందే. అందుకని ఒక్కొక్క ఇంటర్వ్యూకి మా వాళ్ళు వెళ్ళే తీరు పెళ్ళిచూపులకి వెళ్ళినట్టుండేది. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో మెషీన్ లెర్నింగ్ చదివి, సంభావ్యత మీద థీసిస్‌లు రాసి, బయల్దేరే ముందు మాత్రం పిల్లి అడ్డొచ్చిందా, ఎవరైనా తుమ్మారా అని చూసుకునేవాళ్ళు. అక్కడ వీధి పిల్లులు తక్కువ, ఉడుతలు ఎక్కువ. ఉడుత అడ్డొస్తే ఏమిటని ఒక ఆదివారమంతా చర్చ జరిగింది. ఉడుత రాముడి పార్టీ కాబట్టి ఫర్వాలేదని తీర్మానించారు. తుమ్ముల సంగతి మాత్రం తేలలేదు. వసంతకాలంలో పుప్పొడికి న్యూజెర్సీ అంతా తుమ్ముతుంది. తుమ్మినప్పుడల్లా కాసేపు కూర్చుని నీళ్ళు తాగి లేస్తుంటే బస్సులు వెళ్ళిపోయేవి.

నేను ఈ రంగంలోకి రావడం మాత్రం కేవలం టీ కోసమే జరిగింది. ఒక చలికాలం పొద్దున ఇంట్లో పాలు లేకపోతే షాపుకెళ్ళి గ్యాలన్ డబ్బా కొనుక్కుని, దగ్గరి దారని బస్టాండ్ మధ్యలోంచి వస్తున్నాను. ఎదురుగా మా పై ఫ్లాట్‌లో ఉండే వైజాగ్ అన్నయ్య, టై కట్టుకుని, ఫైలు గుండెకి ఆనించుకుని వస్తున్నాడు. అప్పటికి అతను వెళ్ళని కంపెనీ లేదు, వినని 'సారీ' లేదు. నన్ను, నా చేతిలోని పాలని చూసి ఆగిపోయాడు. "పెళ్ళి కాని పిల్ల, చేతిలో పాలు," అన్నాడు, నాతో కాదు, గాలితో. సాయంత్రానికి అతనికి ఉద్యోగం వచ్చింది. మర్నాటికి నాకు వచ్చింది.

ఆ తర్వాత నా ఫోన్‌కి తీరిక లేదు. "రేపు ఎనిమిదింటి బస్సుకి వెళ్తున్నా, కొంచెం ఎదురు వస్తావా?" అని మెసేజ్‌లు. నా ఆఫీసు బస్సు కూడా అక్కడి నుంచే కాబట్టి కాదనడానికి కారణం దొరికేది కాదు. పద్ధతులు కూడా ఏర్పడ్డాయి. బయల్దేరిన మనిషి నన్ను తప్ప ఇంకెవర్నీ ముందుగా చూడకూడదు. అందుకని రోడ్డు దాటినంతసేపూ తల వంచుకుని వచ్చేవాళ్ళు. కాకినాడ కుర్రాడొకడు అలాగే వచ్చి చెత్తడబ్బాని కౌగిలించుకున్నాడు. నేను వెండింగ్ మెషీన్ దగ్గర నిలబడి, వాళ్ళు తలుపు దాటగానే కదలాలి, మరీ వేగంగా కాదు, మరీ నెమ్మదిగా కాదు, కొంచెం నవ్వు మొహంతో. పాల విషయంలో పట్టింపులు ఇంకా ఎక్కువ. ఒకసారి వెన్న తగ్గించిన టూ పర్సెంట్ పాలు తెస్తే పని కాలేదని, శకునం కూడా టూ పర్సెంటే పనిచేసిందని నా మీద ఫిర్యాదు. బాదం పాలు పాలేనా అని ఇంకొకరి సందేహం. నేను ఆ డబ్బాని మోసుకుంటూ అలాగే ఆఫీసుకి వెళ్ళేదాన్ని. రోజూ గ్యాలన్ పాలు వెంట తెచ్చుకునే అమ్మాయి గురించి అమెరికన్లు ఏమనుకునేవారో మర్యాదకి ఎవరూ అడగలేదు.

ఇలా పేరుప్రతిష్ఠలు పెరుగుతున్న రోజుల్లోనే, చలి ఇంకా వదలని వసంతం మొదట్లో, తర్వాత నేను పెద్దమ్మా అని పిలిచిన ఒక పెద్దావిడని చూశాను. లేత రంగు చీర, మీద మగవాళ్ళ కోటు, నెత్తిన ఊలు టోపీ, కాళ్ళకి తెల్లటి స్పోర్ట్స్ షూస్. నుదుట బొట్టు లేదు. రోజూ పొద్దున్నే వచ్చి గోడవార బెంచీ మీద కూర్చునేది. ఏ బస్సూ ఎక్కేది కాదు. మా వాళ్ళెవరైనా టై కట్టుకుని తలుపు దగ్గర కనిపించగానే లేచి, గబగబా మ్యాప్ బోర్డు వెనక్కి వెళ్ళి, దాన్నే చూస్తూ నిలబడేది. పాపం ఏ బస్సెక్కాలో తెలియక తిప్పలు పడుతోందేమో అనుకున్నాను. ఒకరోజు సాయం చేద్దామని వెళ్ళి, "పెద్దమ్మా, ఎక్కడికెళ్ళాలి? నేను చెప్తాను," అన్నాను.

"నాకేడికి పోయేది లేదు బిడ్డా," అంది పెద్దమ్మ, ఇంకా మ్యాప్ వైపే చూస్తూ. "ఆ పిలగాడు మంచి పనికి పోతుండు గదా. నేను ఎదురువడొద్దని ఈడ నిలవడ్డ. ఆయన బస్సెక్కినంక పోయి కూసుంట."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. నేను ఎదురు రావడానికి కష్టపడుతున్న ఆ హాల్లోనే, ఆ పెద్దమ్మ ఎదురు రాకుండా ఉండటానికి నాకంటే ఎక్కువ కష్టపడుతోంది. ఎవరూ ఆమెని అలా చేయమనలేదు. మా కుర్రాళ్ళు ఆమెని గమనించను కూడా లేదు. కరీంనగర్ పక్క పల్లెలో ఎవరో ఎప్పుడో నేర్పిన పాఠం, ఇక్కడికి ఆరునెలల కోసం కూతురింటికి వచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకుంది. కూతురు, అల్లుడు ఏడింటికల్లా వెళ్ళిపోతారట, పిల్లలు బడికి. మూడింటిదాకా ఇల్లు నిశ్శబ్దం. "ఇంట్ల ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకోటి ఇనవడది. ఈడికొస్తే మనుషులన్న కనవడ్తరు," అంది. చూడటానికి తప్ప కనబడటానికి రాని మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. ఆ రోజు నా పాల డబ్బా చెయ్యి మార్చుకున్నాను, బరువు వల్ల అని చెప్పుకున్నాను.

అప్పట్నించి మాకు స్నేహం కుదిరింది. నా డ్యూటీ అయ్యాక, నా బస్సు వచ్చేదాకా ఆమె పక్కన కూర్చునేదాన్ని. రేకు కాగితంలో సర్వపిండి చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టేది. నా వృత్తి గురించి చెబితే పగలబడి నవ్వింది. "గింత సదువుకున్నోళ్ళు మీరు గూడ గిట్లనేనా?" అంది. అంతలో తలుపు దగ్గర టై కనబడింది. నవ్వుతూనే లేచి మ్యాప్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండాకాలం మొదట్లో నా రెజ్యూమె ఉద్యోగం పోయింది. ఒకరోజు మీటింగ్ రూమ్‌లోకి అందర్నీ పిలిచారు. బల్ల మీద డోనట్లు ఉన్నాయి. (ఆ దేశంలో కారణం లేకుండా డోనట్లు కనబడితే జాగ్రత్తపడాలని అప్పటికి నాకు తెలియదు.) మేనేజర్ ఏడ్చింది, మేమే ఆవిడని ఓదార్చాం. మధ్యాహ్నానికి ఒక అట్టపెట్టె, సగం ఖాళీ అయిన పాల డబ్బా పట్టుకుని బస్టాండ్‌లో దిగాను. అందరి రోజులు లెక్కపెట్టినదాన్ని, నా రోజులు కూడా మొదలయ్యాయి. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇంటికే.

విచిత్రమేమిటంటే, ఆ ఉద్యోగంతో పాటు రెండోదీ పోయింది. మర్నాటి నుంచి నాకు ఒక్క మెసేజ్ లేదు. ఉద్యోగం పోయిన మనిషి ఎదురొస్తే ఏం కలిసొస్తుంది? ఎవరూ ఆ మాట నా మొహం మీద అనలేదు, అందరూ చాలా మంచివాళ్ళు. వైజాగ్ అన్నయ్య, అప్పటికి ప్రాజెక్ట్ అయిపోయి, మళ్ళీ ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. ఒకరోజు ఫైలుతో తలుపు తోసుకుని వచ్చి, బెంచీ మీద నన్ను చూసి, ఒక్క క్షణం తడబడి, చక్కగా నడుచుకుంటూ వెళ్ళి మ్యాప్ బోర్డు వెనక నిలబడ్డాడు. అక్కడ అప్పటికే పెద్దమ్మ ఉంది. ఆమెని చూసి అదిరిపడి బోర్డు ఈ పక్కకి వచ్చాడు, ఇక్కడ నేనున్నాను. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న అని మా అమ్మ అనేది. ఆ ఓడ కూడా మునుగుతుంటే మల్లన్న పరిస్థితి ఏమిటో అమ్మ చెప్పలేదు. అన్నయ్య చివరికి కళ్ళు మూసుకుని బస్సెక్కాడు. నేను ఇంటికెళ్ళి, పొట్టి అడిగినా చెప్పకుండా, బాగా ఏడ్చాను.

వారాలు గడిచాక నాకు ఒక ఇంటర్వ్యూ వచ్చింది. వచ్చింది అదొక్కటే కాబట్టి ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకున్నాను. ఆ పొద్దున పొట్టి ముందే ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఇస్త్రీ చేసిన షర్టు, ఫైలు, ఖాళీ కడుపుతో రోడ్డు దాటి బస్టాండ్ తలుపు తోశాను. ఎంతమందికి ఎదురొచ్చానో నాకే గుర్తులేదు, నాకు ఎదురు రావడానికి మాత్రం హాల్లో ఒక్క మనిషి లేడు. ఉన్నది పెద్దమ్మ. నా ఫైలు చూడగానే లేచింది. తల వంచుకుని మ్యాప్ దగ్గరికి బయల్దేరింది. నాకు ఆ క్షణాన ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అన్నయ్య మీద, డోనట్ల మీద, నా మీద, ఆ బోర్డు మీద. గొప్ప ఆదర్శాలేమీ లేవు నాలో. ఒంటరిగా వెళ్ళాలంటే భయమేసింది, అంతే.

"పెద్దమ్మా, మీరు ఎదురు రండి," అన్నాను.

ఆమె బోర్డు పట్టుకుని ఆగిపోయింది. "వద్దు బిడ్డా. నీకేమన్న అయితే ఆ పాపం నాకు సుట్టుకుంటది," అంది.

"ఇక్కడ మీరు తప్ప నాకు ఎదురు రావడానికి ఎవరున్నారు?" అన్నాను. ఆ మాట సగమే బయటికి వచ్చింది. ఆ సగానికే ఆమె కరిగింది. కానీ పల్లెటూరి మనిషి, పని చేస్తే పద్ధతిగా చేయాలి. "మరి పాలేవి?" అని అడిగింది. పాలు లేవు. ఇద్దరం వెండింగ్ మెషీన్ దగ్గరికి పరుగెత్తాం. అందులో కోలాలు, చిప్సు, కింద వరసలో ఒకే ఒక్క చిన్న అట్టడబ్బా చాక్లెట్ పాలు. మెషీన్ నా నోటుని బయటికి ఉమ్మింది, నేను మళ్ళీ తోశాను, అది మళ్ళీ ఉమ్మింది. పెద్దమ్మ దాని పక్కటెముకల మీద ఒక్కటిచ్చింది, డబ్బా కింద పడింది. దాని మీద బొమ్మ చూసి, "నల్లగున్నయేంది బిడ్డా ఇవి?" అంది అనుమానంగా. పాలేనని ప్రమాణం చేశాను. సరేనని ఆ మూలకి వెళ్ళి, ఏసీ చలికి ఎండాకాలంలోనూ వదలని కోటు సర్దుకుని, టోపీ తీసేసి, చెంగు భుజాన కప్పుకుని, రెండు చేతుల్తో ఆ అట్టడబ్బా పట్టుకుని నడిచి వచ్చింది. హాలు మధ్యలోంచి. నేను చూసినన్నాళ్ళలో ఆమె ఆ మధ్యలోంచి నడవడం అదే మొదలు. ఎంతకాలమైందో అలా ఒకరికి ఎదురు నడిచి. కళ్ళు నీళ్ళతో నిండిపోయి దారి కనబడక షూ బెంచీకి తట్టుకుంది, అయినా డబ్బా వదల్లేదు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఇలాంటి కథల్లో వస్తుందని నాకూ తెలుసు, కానీ రాలేదు. ఇంటర్వ్యూ చేసినాయన చాలా మర్యాదస్తుడు. నేను చెప్పిన ప్రతిదానికీ 'గ్రేట్' అన్నాడు, నేను తిరుగు బస్సులో ఉండగానే వేరే అభ్యర్థిని ఎంచుకున్నామని మెయిల్ పంపాడు. బస్టాండ్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దమ్మ అన్నానికి కూడా ఇంటికి వెళ్ళకుండా అక్కడే కూర్చుని ఉంది. చాక్లెట్ పాల డబ్బా ఒడిలో అలాగే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె మొహం చూశాను. నేను 'రాలేదు' అంటే ఆమెకి వినబడేది నాకు ఉద్యోగం రాలేదని కాదు, తను ఇన్నేళ్ళూ చాటున నిలబడింది న్యాయమేనని.

"వచ్చింది పెద్దమ్మా," అన్నాను. ఆమె ఆ బెంచీ మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమెది సంతోషం, నాది దిగులు. కన్నీళ్ళ మీద పేర్లు రాసి ఉండవు కాబట్టి పని జరిగిపోయింది.

అబద్ధం ఆడటం తేలిక, దాన్ని ఆఫీసుకి పంపడమే కష్టం. వచ్చిన సోమవారం పొద్దున్నే పెద్దమ్మ బస్టాండ్‌లో నాకోసం సిద్ధంగా ఉంది. మొదటి నెలంతా రోజూ ఎదురొస్తానని ముందే మాట ఇచ్చింది. నేను ఇస్త్రీ షర్టు వేసుకుని, లంచ్ డబ్బా సర్దుకుని, ఆమె ఎదురు రాగా శుభంగా బయల్దేరి ఎక్కడికి వెళ్ళాలి? ఏదో ఒక బస్సు ఎక్కాలి కాబట్టి మొదట కదిలిన లోకల్ బస్సు ఎక్కాను. అది మాల్ చుట్టూ తిరిగి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, చివరికి పక్క ఊరి లైబ్రరీ దగ్గర ఆగింది. అందరూ దిగిపోయినా నేను దిగకపోతే, డ్రైవరమ్మ అద్దంలోంచి చూసి, "హనీ, ఇక్కడితో ఆఖరు," అంది. దిగాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజుకి ఆవిడ, నీ ఆఫీసు లైబ్రరీలోనా అని అడిగింది. జరిగింది చెప్పాను. ఎదురు రావడమంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి మూడు స్టాపులు పట్టింది. ఆవిడ అంతా విని, మా అమ్మమ్మ కూడా ఇంతే, చీపురు కాళ్ళకి తగిలితే ఊరుకునేది కాదు అని, ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు.

పొట్టి మాత్రం రోజూ తిట్టేది. "పిచ్చా నీకు? ఇంట్లో కూర్చుని అప్లై చేసుకోక, ఆ ముసలావిడ కోసం సూటేసుకుని బస్సుల్లో తిరుగుతావా?" అనేది. నిజానికి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను అప్లై చేసింది తక్కువ, పైకప్పు చూసింది ఎక్కువ. లైబ్రరీలో పైకప్పు చాలా ఎత్తు, చూస్తే మెడ నొప్పి. చేసేదేం లేక కంప్యూటర్ ముందు కూర్చుని కనబడిన ప్రతి కంపెనీకీ అప్లై చేశాను. సాయంత్రం బస్సు దాకా టైముండేది. మర్నాడు పెద్దమ్మ అడిగే ప్రశ్నలకి జవాబులు కూడా అక్కడే తయారు చేసుకునేదాన్ని. మీ సార్ మంచోడేనా, కుర్చీ మెత్తగున్నదా, ఏసీ ఎక్కువ పెడితే సెటర్ తీస్కపో. నా అబద్ధపు ఆఫీసులో మనుషులంతా మంచివాళ్ళు. అంత మంచి కంపెనీలో తర్వాత ఎప్పుడూ పనిచేయలేదు.

నా రోజులు దగ్గరపడ్డాయి. టికెట్ బుక్ చేయమని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా. పెద్దమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. కంపెనీవాళ్ళే ఇండియా పంపుతున్నారని చెబుదామని నిశ్చయించుకుని, ఆ పొద్దున ఆమె పక్కన కూర్చుని నోరు తెరవబోతుండగా ఫోన్ మోగింది. ఎప్పుడో లైబ్రరీలోంచి అప్లై చేసిన ఒక చిన్న మందుల కంపెనీ. ఫోన్‌లో రెండు ఇంటర్వ్యూలు చేసి మర్చిపోయారనుకున్నవాళ్ళు. ఆఫర్ ఇస్తున్నామని, వచ్చే సోమవారమే చేరగలవా అని అడిగారు. నాకు బెంచీ ఎక్కి అరవాలని ఉంది. పక్కనే పెద్దమ్మ, ఇప్పటికే ఉద్యోగం చేస్తున్న నా మొహంలోకి చూస్తోంది. "యెస్. థాంక్యూ. మండే ఈజ్ ఫైన్," అన్నాను, కరెంటు బిల్లు గురించి మాట్లాడుతున్నట్టు. ఫోన్ పెట్టేసి, లంచ్ డబ్బా మూత ఊరికే తీసి మళ్ళీ పెట్టాను.

"ఎవలు బిడ్డా? ఇంటికాడ అందరు మంచిగనేనా?" అంది కంగారుగా.

"ఆఫీసువాళ్ళు పెద్దమ్మా. పని ఎక్కువుందట, సోమవారం నుంచి వేరే ఆఫీసుకి రమ్మంటున్నారు."

"ఉండనీ తియ్యి. అక్కరున్నోళ్ళనే పిలుస్తరు," అంది తృప్తిగా, నా వీపు నిమిరి.

నా బతుకులో అంత మంచి వార్త అంతకుముందు రాలేదు. అది మొదట వినవలసిన మనిషి పక్కనే కూర్చుని ఉంది, ఆమెకి తప్ప ఎవరికైనా చెప్పొచ్చు. లేచి, ఆమె ఎదురు రాగా, యథాప్రకారం లైబ్రరీ బస్సు ఎక్కాను. దిగేటప్పుడు డ్రైవరమ్మకి చెప్పాను. ఆవిడ హారన్ గట్టిగా నొక్కి పట్టుకుంది. లైబ్రరీ మెట్ల మీద ముసలాయన ఒకాయన తిట్టుకుంటూ చెవులు మూసుకున్నాడు. ఆ రోజంతా లైబ్రరీలో ఏ పనీ లేక పిల్లల బొమ్మల పుస్తకాలు తిరగేశాను.

పెద్దమ్మ హస్తవాసి సంగతి ఫ్లాట్లలో నేనే ప్రచారం చేశాను. ఒకరోజు వైజాగ్ అన్నయ్య ఫైలు పట్టుకుని, సిగ్గుపడుతూ ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె చాక్లెట్ పాల డబ్బాతో ఎదురు వచ్చింది. అతనికి ఆ ప్రాజెక్ట్ రాలేదు. కానీ పెద్దమ్మని ఎవరూ ఏమీ అనలేదు, ఆ మేనేజర్నే అన్నారు. అప్పటికి ఆమె గోడవార బెంచీ వదిలి నడిమి బెంచీకి మారింది. ఆకులు రాలేవేళకి ఆరునెలలూ అయిపోయి ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత ఆమె కూతురు ఫోన్‌లో చెప్పింది, అమ్మతో ఊళ్ళో తలనొప్పిగా ఉందని. పరీక్షకి వెళ్ళే పిల్లలకీ, బ్యాంకు పనికి వెళ్ళేవాళ్ళకీ పిలవకుండానే ఎదురు వెళ్తోందట. ఒక పెళ్ళివారికి ఎదురెళితే వాళ్ళు దెబ్బలాటకి వచ్చారట. "అమెరికాల నేనెదురొస్తే కొలువొచ్చింది, మీ లగ్గం ఆగుతదా?" అని వాళ్ళతో వాదించిందట. ఊరంతా ఆమె తిట్లు తినడానికి కారణం నేను. అయినా ఆ రోజు ఫోన్ పెట్టేసి చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పెద్దమ్మ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. నిజం ఆమెకి చెప్పనేలేదు.

ఇప్పుడు నేను అమెరికాలోనే షాంటిలీ అనే ఊళ్ళో ఉంటున్నాను. మా ఆయన పోయి రెండేళ్ళు. ముత్తైదువ పోస్టు నుంచి కూడా నన్ను లేఆఫ్ చేశారు, ఈసారి డోనట్లు కూడా పెట్టలేదు. ఇక్కడి మనవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఎవరూ నోరు జారరు. పేరంటాల్లో పసుపు పళ్ళెం నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంచెం వేగం పుంజుకుంటుంది. అది దాటిపోయాక నేను నా కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంటాను.

మొన్న ఆఫీసు పని మీద న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఆ ఊరి మీదుగా డ్రైవ్ చేస్తూ, పార్కింగ్ కనబడితే ఆగాను. కాఫీ కొనుక్కుని లోపలికి వెళ్ళి నడిమి బెంచీ మీద కూర్చున్నాను. హీటర్ ఇప్పటికీ తలుపు దగ్గరే పనిచేస్తోంది. ఇంతలో తలుపు తోసుకుని ఒక పిల్ల వచ్చింది. కొత్త బ్లేజర్, ట్యాగ్ మడత ఇంకా మెడ దగ్గర కనబడుతోంది, చేతిలో ఫైలు. "అమ్మా, భయంగా ఉందే, పెట్టేస్తున్నా," అని ఫోన్ పెట్టేసింది. నాకు తెలియకుండానే లేచాను. కాళ్ళు వాటంతటవే పక్కకి నడిచాయి, మ్యాప్ బోర్డు వైపు. అక్కడ బోర్డు లేదు. అందరికీ ఫోన్లలోనే మ్యాపులు ఉన్నాయి కదా, తీసేసినట్టున్నారు. నేల మీద నాలుగు బోల్టుల గుర్తులు మిగిలాయి. దాక్కోవడానికి ఏమీ లేని ఖాళీ జాగాలో, కాఫీ కప్పు పట్టుకుని నిలబడిపోయాను.

ఆ పిల్ల నా మొహం చూసి తెలుగని పట్టేసింది. "ఆంటీ, న్యూయార్క్ బస్ ఏ గేట్?" అని అడిగింది. చెప్పాను. ఇంటర్వ్యూకా అని అడిగితే తలూపింది. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెండింగ్ మెషీన్ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మరీ వేగంగా కాదు, మరీ నెమ్మదిగా కాదు, హాలు మధ్యలోంచి ఆమెకి ఎదురు నడిచాను. ఈ ఆంటీకి ఏమైందా అని ఆ పిల్ల వింతగా చూసి, నవ్వి, బస్సెక్కేసింది.

ఆ ఉద్యోగం ఆమెకి వచ్చిందో లేదో నాకు తెలియదు. నా కాఫీలో పాలు మాత్రం ఎక్కువే ఉన్నాయి, టూ పర్సెంట్ కూడా కాదు. రాకపోతే ఆ మేనేజర్నే అనాలి.